పిన్నికి ‘నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ’ రక్తపరీక్ష చేయించమంటున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో వీటి పాత్ర నిజంగా ఉందా?

పటమట_అమ్మాయి
అందరికీ నమస్కారమండీ. మా పిన్నికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. గుంటూరు దగ్గర పల్లె, వయసు 50 దాటింది, ముట్లు ఆగిపోయాక మళ్ళీ బ్లీడింగ్ కనబడితే ఒంట్లో వేడి అనుకుని సబ్జా నీళ్ళు తాగుతూ ఎవరికీ చెప్పకుండా గడిపేసింది. స్టేజ్ 2బి అన్నారు. ఆపరేషన్ వద్దు, రేడియేషన్ ఇస్తూ దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తామన్నారు, మొదలైంది కూడా.

ఈలోగా ఒక ప్రైవేటు ల్యాబు నుంచి అంటూ ఎవరో బాబాయికి ఫోన్ చేశారు. నంబర్ ఎలా దొరికిందో తెలీదు. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్ అని రక్తపరీక్ష ఉందట, చేయిస్తే గడ్డ ఎంత స్పీడుగా పెరుగుతుందో, ఇప్పుడు ఇస్తున్న మందు పనిచేస్తుందో లేదో ముందే చెప్పేస్తారట. రేటు వింటే గుండె గుభేలుమంది. బాబాయి మాత్రం పిన్ని గాజులు తాకట్టు పెట్టయినా చేయిద్దామంటున్నాడు. వాళ్ళు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లో హొటైర్, మాలాట్1, మిర్-21 అని ఏవేవో పేర్లున్నాయి. నేను బీకాం, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇవి నిజంగా క్యాన్సర్‌ని పెంచేవేనా, డబ్బు కోసం అల్లిన మాటలా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు.

గైనిక్_బందరురోడ్డు
అమ్మా, రేడియేషన్ ఒక్క రోజు కూడా మానకండి. ఆ టెస్టు చేయించినా చేయించకపోయినా పిన్నిగారికి ఇచ్చే వైద్యం మారదు. ఇప్పుడు ఓపీలో ఉన్నాను, రాత్రికి వివరంగా రాస్తాను.

పిపెట్
వైద్యం సంగతి డాక్టర్ గారు చెబుతారు. ఆ పేర్ల సంగతి నేను చెబుతాను, నా పీహెచ్‌డీ అంతా వీటి మీదే. సొంతూరు గుంటూరు, అరండల్‌పేట.

ముందు మీ ప్రశ్నకి సూటిగా: అవి అల్లిన పేర్లు కావు. హొటైర్, మాలాట్1, మిర్-21 మూడూ నిజంగా ఉన్నవే, ఈ క్యాన్సర్ పెరుగుదలలో వాటి చెయ్యి ఉందని చాలా ల్యాబులు చూపించాయి. ఆ ఫోన్ చేసినతను నిజమైన సైన్సు పేర్లు తీసుకుని, ఆ సైన్సు ఇంకా ఇవ్వని హామీని అమ్ముతున్నాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే.

మన కణంలోని డీఎన్‌ఏ మొత్తంలో ప్రోటీన్ తయారీకి నేరుగా పనికొచ్చే భాగం 2 శాతం లోపే. ప్రోటీన్ జన్యువులు సుమారు 20 వేలు. మిగతా డీఎన్‌ఏలో చాలా భాగం నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏ నుంచి తీసే నకలు) తయారవుతూనే ఉంటుంది, కానీ అది ప్రోటీన్‌గా మారదు, నాన్‌కోడింగ్ అనేది అందుకే. చాలాకాలం దాన్ని చెత్తగానే చూశారు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో లిన్-4 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ఎలా పనిచేస్తుందో చూపించారు. దాని పొడవు 22 అక్షరాలే (ఆర్‌ఎన్‌ఏ గొలుసులో ఒక్కో పూసని అక్షరం అంటాం), ప్రోటీన్ ఏమీ చెయ్యదు, వేరే జన్యువు నోరు మాత్రం నొక్కేస్తుంది. ఆ పనికి 2024లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటే ఇవే, 22 అక్షరాల అటూ ఇటూ ఉండేవి. 200 దాటి పొడవున్నవాటిని లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలంటారు, హొటైర్, మాలాట్1 ఆ జాతివి. రెండు కొసలూ కలిసిపోయి గుండ్రంగా ఉండే సర్కులర్ ఆర్‌ఎన్‌ఏలు ఇంకో జాతి.

యార్డు_గుమస్తా
పిపెట్ గారూ, నేను మిర్చి యార్డులో గుమస్తాని, సైన్సు పదో తరగతితో సరి. కానీ వదిలిపెట్టబుద్ధి కావట్లేదు. ఒంట్లో పని చేసేది ప్రోటీన్ అంటారు కదా. ఏ ప్రోటీనూ తయారు చెయ్యని వస్తువు గడ్డని ఎలా పెంచుతుంది? మాకు తెలిసిందల్లా ఈ క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుందని. మరి వైరస్సా, ఆర్‌ఎన్‌ఏనా?

పిపెట్
మూలం వైరస్సే, అందులో అనుమానం లేదు. ఈ క్యాన్సర్ కేసుల్లో దాదాపు అన్నిటి వెనకా హెచ్‌పీవీ అనే వైరస్ ఉంటుంది, 16, 18 అనే రెండు రకాలే 70 శాతం దాకా కారణం. దాన్ని కనిపెట్టినందుకు హెరాల్డ్ త్సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. మరి వైరస్ లోపలికి వచ్చాక ఎవరిచేత పని చేయించుకుంటుంది? నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు వచ్చేది అక్కడే.

వైరస్ దగ్గర ఇ6, ఇ7 అని రెండు ప్రోటీన్లు ఉన్నాయి. ఇ6 మన కణంలోని పీ53ని పట్టుకుని ముక్కలు చేయిస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని ఆపేది, అవసరమైతే చంపేది ఆ పీ53నే. ఇ7 వెళ్ళి ఆర్‌బీ అనే ఇంకో ప్రోటీన్‌ని కట్టేస్తుంది, కణ విభజనకి బ్రేకు అది. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

ఇప్పుడు అసలు విషయం. పీ53 చేసే పనుల్లో ఒకటి మిర్-34ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏని తయారు చేయించడం. ఈ మిర్-34ఎ కణ విభజనకి కావలసిన సీడీకే4, సీడీకే6, సైక్లిన్ డీ1 లాంటి ప్రోటీన్ల తాలూకు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలకి (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే నకళ్ళు) అతుక్కుని వాటిని పని చెయ్యనివ్వదు. ఇ6 వచ్చి పీ53ని తీసేయగానే మిర్-34ఎ పడిపోతుంది, అది పడిపోగానే అదుపులో ఉండాల్సిన విభజన ప్రోటీన్లన్నీ ఒక్కసారిగా పెరుగుతాయి. వైరస్ వాటిలో ఏ ఒక్కదాన్నీ నేరుగా ముట్టుకోలేదు చూడండి, మధ్యలో ఉన్న ఒక బుల్లి ఆర్‌ఎన్‌ఏని తగ్గించింది, అంతే.

మిర్-21 దీనికి ఎదురు కథ. అది పెరుగుతుంది. పెరిగి పీటెన్, పీడీసీడీ4 అనే కాపలా ప్రోటీన్లని తగ్గిస్తుంది. పీటెన్ తగ్గితే కణానికి ‘పెరుగు, చావకు’ అనే సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుంది. మామూలుగా మిర్-21ని కొంత అదుపులో ఉంచేది మెగ్3 అనే లాంగ్ ఆర్‌ఎన్‌ఏ, ఈ క్యాన్సర్‌లో మెగ్3 కూడా తగ్గిపోతుంది. ఇంక మిర్-21కి అడ్డెవరు?

యార్డు_గుమస్తా
ఇప్పుడు వెలిగింది. మా యార్డులో దడవాయి ఒక్క మిరపకాయ కూడా పండించడు, కొనడు, అమ్మడు. కానీ ఆయన కాటా వేస్తేనే టిక్కీ (మిర్చి బస్తా) కదులుతుంది, ఆయన లేకపోతే యార్డంతా అల్లకల్లోలం. అలాంటిదే కదండీ ఇది?

పిపెట్
బాగా పట్టుకున్నారు. ఒక్కటి కలుపుకోండి, ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పదులు, వందల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏల మీద పనిచేస్తుంది, ఒక్కో మెసెంజర్ మీద నాలుగైదు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పనిచేస్తాయి. అందుకే ఒక్కదాన్ని కొలిచి ‘మీ గడ్డ ఇంత స్పీడు’ అని చెప్పడం కుదరదు.

నాగార్జున_ఎమ్మెస్సీ
సార్, నేను నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్, ప్రాజెక్టు హొటైర్ మీద చేద్దామనుకుంటున్నాను. చదివిన పేపర్లలో కొన్ని సర్వైకల్ క్యాన్సర్‌లో హొటైర్ పెరుగుతుందంటాయి, ఒకటి తగ్గిందంటోంది. ఏది నమ్మాలి? ఏ కణాలు తీసుకోవాలి?

పిపెట్
మంచి ప్రశ్న తమ్ముడూ. దీనికి కొంచెం ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి.

హొటైర్‌ని 2007లో జాన్ రిన్, హోవర్డ్ చాంగ్ వాళ్ళు బయటపెట్టారు. 12వ క్రోమోజోమ్ మీద హాక్స్-సి జన్యువుల గుంపులోంచి పుడుతుంది, పొడవు 2,200 అక్షరాల చిల్లర. పీఆర్‌సీ2 అనే ఎంజైముల గుంపుతో కలిసి పనిచేస్తుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద ఆ గుంపు మిథైల్ గుర్తులు వేస్తుంది, గుర్తు పడినచోట జన్యువు మూతపడుతుంది. గడ్డని ఆపాల్సిన జన్యువులు అలా మూతపడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హొటైర్ ఎక్కువున్న చోట వీఈజీఎఫ్, ఎంఎంపీ9 పెరిగాయని, కణాలు పక్క కణాల పట్టు వదిలించుకుని కదిలే గుణం తెచ్చుకున్నాయని, లింఫ్ గ్రంథులకి పాకిన కేసులతో దీనికి సంబంధం ఉందని చూపించారు. వీఈజీఎఫ్ అంటే కొత్త రక్తనాళాలు పుట్టించేది, ఎంఎంపీ9 చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించి దారి చేసేది.

ఇక తగ్గిందన్న పేపరు సంగతి. నువ్వంటున్నది పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ వాళ్ళ 2015 నాటి పనే అనుకుంటా. మన దేశపు రోగుల నమూనాలతో చేసింది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా చదువు. హెచ్‌పీవీ 16 ఉన్న కేసుల్లో హొటైర్ అందరిలో ఒకేలా లేదు, తక్కువున్న గుంపు, ఎక్కువున్న గుంపు అని రెండుగా విడిపోయింది. వైరస్ ఇ7 ప్రోటీన్‌కీ హొటైర్‌కీ ముడి ఉందని కూడా అందులోనే వాదించారు. అంటే సగటు తీసి ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని ఒక్కమాటలో తేల్చేస్తే ఆ రెండో గుంపు కనబడకుండా పోతుంది. నీకు కనిపిస్తున్న గొడవలో సగం అక్కడ నుంచి వచ్చిందే.

కణాల విషయం: ల్యాబులో పెంచే ఈ క్యాన్సర్ కణజాతుల్లో హీలాలో హెచ్‌పీవీ 18, సీహాలో 16 ఒకటి రెండు కాపీలే, కాస్కీలో అదే 16 వందల కాపీలు, సీ33ఏలో అసలు వైరస్సే లేదు. నాలుగూ పెట్టుకుంటే వైరస్ వల్ల జరిగేది ఏదో, వైరస్ లేకుండా జరిగేది ఏదో విడదీయొచ్చు. ఒక్క హీలాతో సరిపెట్టేయకు. 1951లో హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వారపు గడ్డలోంచి, ఆవిడకి చెప్పకుండా తీసిన కణాలవి, ఆవిడ ఆ ఏడాదే చనిపోయారు, కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. ఆ కణాల్లో వైరస్ డీఎన్‌ఏ 8వ క్రోమోజోమ్ మీద మిక్ అనే, కణ విభజనని పెంచే జన్యువుకి దగ్గర్లో అతుక్కుని ఉంది. ఆ పక్కనే పీవీటీ1 అనే లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు, అది కూడా చాలా క్యాన్సర్లలో పెరిగి కనబడేదే. ఇన్ని ప్రత్యేకతలున్న ఒక్క కణజాతిని చూసి ఆడవాళ్ళందరి సంగతీ చెప్పలేం కదా.

ఫ్లాస్కులో కణాలు గీత గీసిన ఖాళీలోకి ఎంత వేగంగా పాకుతాయో చూసే ప్రయోగం తప్పకుండా చెయ్యి. హొటైర్‌ని అణిచేసిన కణాలు, అణచనివి పక్కపక్కన పెట్టి మర్నాడు పొద్దున్న మైక్రోస్కోపులో చూస్తే, అణచని పళ్ళెంలో గీత దాదాపు మూసుకుపోయి ఉంటుంది, అణిచిన దాంట్లో అంచు దగ్గరే ఆగి ఉంటాయి. కళ్ళతో చూస్తే తప్ప ఈ సబ్జెక్టు మనసుకి ఎక్కదు.

పారాఫిన్
నేను హిస్టోపాథాలజీ టెక్నీషియన్ని, అంతకుముందు బ్లడ్ కలెక్షన్‌లో చేశాను. పటమట అమ్మాయి గారికి టెక్నీషియన్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

రక్తంలో ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలవడం షుగర్ కొలిచినంత తేలిక కాదు. ఎర్ర రక్తకణాల నిండా మిర్-451, మిర్-16 లాంటివి కుక్కి ఉంటాయి. సూది సరిగ్గా పడక సిరంజి గట్టిగా లాగినా, ట్యూబు విసురుగా ఊపినా, తీశాక గంటలు గంటలు వదిలేసినా కణాలు పగిలి అవన్నీ సీరంలోకి వచ్చేస్తాయి. సెంట్రిఫ్యూజ్ ఆపి ట్యూబు ఎత్తి చూస్తే పైన తేటగా లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరం గులాబీ రంగులో కనబడుతుంది. అలాంటి శాంపిల్‌లో వచ్చే అంకెకి అర్థం లేదు. పైగా చాలామంది మిర్-16నే కొలబద్దగా పెట్టుకుని మిగతావాటిని దాంతో పోల్చి చెబుతారు, కొలబద్దే సాగిపోతే లెక్క ఏమవుతుంది? మే నెల బెజవాడ ఎండలో స్కూటర్ డిక్కీలో ఊరంతా తిరిగే శాంపిళ్ళు నేను చూశాను. ఆ టెస్టు వాళ్ళని ఒక్కటి అడగండి: శాంపిల్ ఎక్కడ తీస్తారు, ఎంతసేపట్లో సీరం వేరు చేస్తారు, హీమోలైసిస్, అంటే ఎర్ర కణాలు పగలడం, చెక్ చేస్తారా? దీనికి తడుముకుంటే ఇంక మాట్లాడక్కర్లేదు.

బయాప్సీ బ్లాకుల మీద చేస్తే కొంత మేలు. ఫార్మలిన్‌లో వేసి మైనంలో పెట్టిన ముక్కలో పొడవు ఆర్‌ఎన్‌ఏలు ముక్కలైపోతాయి కానీ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంత పొట్టివి కాబట్టి ఏళ్ళ తర్వాత కూడా దొరుకుతాయి. పిన్నిగారి బ్లాకు ఆసుపత్రిలో భద్రంగానే ఉంటుంది. రేపు నిజంగా పనికొచ్చే పరీక్ష వస్తే దాని మీదే చేయొచ్చు, తొందరేం లేదు.

గైనిక్_బందరురోడ్డు
ఇప్పుడు తీరిక దొరికింది. పారాఫిన్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

పటమట అమ్మాయీ, 2బి అంటే గడ్డ గర్భాశయ ముఖద్వారం దాటి పక్క కణజాలంలోకి వచ్చింది, కానీ పెల్విస్ గోడదాకా వెళ్ళలేదు. ఈ స్టేజ్‌లో రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇస్తే రేడియేషన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా ఎక్కువమంది బతుకుతున్నారని 1999లో వరసగా వచ్చిన ట్రయల్స్‌లో తేలింది, అప్పటి నుంచి ప్రపంచమంతా ఇదే పద్ధతి. ఏ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చూసి కూడా ఏ డాక్టరూ దీన్ని మార్చడు, మార్చకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో వైద్యం ఎంచుకోవడానికి రక్తంలో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ చూడమని ఏ ప్రామాణిక మార్గదర్శకంలోనూ లేదు.

ఆ డబ్బు ఇంకోచోట కావాలి మీకు. బయట నుంచి ఇచ్చే రేడియేషన్ అయ్యాక లోపల పెట్టే రేడియేషన్ ఉంటుంది, బ్రాకీథెరపీ అంటారు. నొప్పికీ భయానికీ చాలామంది పల్లెటూరి ఆడవాళ్ళు అక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగనివ్వకండి, అది లేకపోతే వైద్యం సగమే. మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా అంతా 8 వారాల్లో అయిపోవాలి, ఎంత లాగితే అంత నష్టం. ప్రతి వారం సిస్‌ప్లాటిన్‌కి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి, హీమోగ్లోబిన్ పడిపోకుండా చూసుకోవాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి. నీళ్ళు బాగా తాగించండి. రోజూ ఊరి నుంచి గుంటూరు రానూపోనూ ఆటో, బస్సు ఖర్చులు, లేదా ఆసుపత్రి దగ్గర చిన్న గది అద్దె, మంచి తిండి, గాజులు తాకట్టు పెట్టాల్సి వస్తే వీటికి పెట్టండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే రేడియేషన్, కీమో అందులో వస్తాయి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి.

పిపెట్ గారి సబ్జెక్టు మీద గౌరవం ఉంది కానీ నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. ఈ ఆర్‌ఎన్‌ఏల మీద వేల పేపర్లు వస్తున్నాయి, చాలావాటిలో రోగుల సంఖ్య చాలా తక్కువ, ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. ఈలోగా మన దేశంలో 2022 అంచనాల ప్రకారం ఏడాదికి 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. వాళ్ళలో చాలామందికి ముందే ఒక్క స్క్రీనింగ్ జరిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

పిపెట్
డాక్టర్ గారూ, చిన్న శాంపిళ్ళ గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ పరిశోధన అనవసరం అన్నట్టు అర్థమైతే మాత్రం ఒప్పుకోలేను. హెచ్‌పీవీ ఎంతోమంది ఆడవాళ్ళకి ఏదో ఒక వయసులో వస్తుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలోనే ఉండిపోయి, పదేళ్ళు పదిహేనేళ్ళ మీద క్యాన్సర్ అవుతుంది. ఆ కొద్దిమంది ఎవరో హెచ్‌పీవీ టెస్టు ఒక్కటే చెప్పలేదు. ఇక్కడ ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఇప్పటికే అక్కరకొచ్చింది. మిర్-124ని తయారు చేసే జన్యువుల్లో ఒకదాని మీద, గడ్డ దిశగా పోతున్న కణాల్లో, మిథైల్ గుర్తులు పేరుకుంటాయి. యూరప్‌లో హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిన ఆడవాళ్ళలో ఎవరికి వెంటనే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దంతో దగ్గరగా చూసే పరీక్ష) కావాలో తేల్చడానికి, ఆ జన్యువునీ ఎఫ్ఏఎం19ఏ4 అనే ఇంకో జన్యువునీ కలిపి చూసే కిట్టు వాడుకలోకి వచ్చింది. ఇది ఆర్‌ఎన్‌ఏని కొలవదు, దాని జన్యువు మీది గుర్తుని కొలుస్తుంది, డీఎన్‌ఏ ఆర్‌ఎన్‌ఏ అంత తొందరగా చెడిపోదు కాబట్టి పారాఫిన్ గారు చెప్పిన ఇబ్బంది కూడా ఇక్కడ తక్కువ.

గడ్డ ఎలా పాకుతుందో అర్థమైంది కూడా ఈ పనివల్లే. క్యాన్సర్ కణాలు ఎక్సోజోమ్‌లనే అతి చిన్న సంచుల్లో మిర్-221-3పి నింపి బయటికి పంపుతాయని, అది లింఫ్ నాళాల గోడ కణాల్లోకి వెళ్ళి వాష్1 అనే ప్రోటీన్‌ని తగ్గించి కొత్త లింఫ్ నాళాలు మొలిచేలా చేస్తుందని 2019లో చూపించారు. గడ్డ తను వెళ్ళబోయే దారిని ముందే వేయించుకుంటోంది! లింఫ్ గ్రంథులకి పాకిన రోగులని రోజూ చూసే మీకు ఇది పనికిరాదంటారా?

అదే ఏడాది ఇంకోటి. హెచ్‌పీవీ 16 తనే ఒక సర్కులర్ ఆర్‌ఎన్‌ఏ తయారు చేస్తుందని, దాని పేరు సర్క్-ఇ7 అని బయటపడింది. దాన్ని తగ్గిస్తే కాస్కీ కణాల పెరుగుదల తగ్గింది. చిత్రం ఏంటంటే, ప్రోటీన్ చెయ్యవని చెప్పుకునే జాతిదే అయినా ఈ గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ నుంచి ఇ7 ప్రోటీన్ కూడా తయారవుతుంది.

గైనిక్_బందరురోడ్డు
పరిశోధన వద్దనలేదండీ, మిర్-124 కిట్టు సంగతి మంచిదే, మన దగ్గరికి తక్కువ ధరలో వస్తే మొదట వాడేది నేనే. నా గొడవంతా ల్యాబు గడప దాటని విషయాన్ని తాకట్టు కొట్టు దాకా తీసుకెళ్ళేవాళ్ళతో.

నాగార్జున_ఎమ్మెస్సీ
మరి మిర్-34ఎ తగ్గితే క్యాన్సర్ పెరుగుతుందన్నారు కదా సార్, బయట నుంచి మిర్-34ఎ ఎక్కిస్తే సరిపోదా? మందుగా ఎందుకు రాలేదు?

పిపెట్
ప్రయత్నించారు. ఎంఆర్ఎక్స్34 అనే పేరుతో మిర్-34ఎ నకలుని కొవ్వు బుడగల్లో పెట్టి లివర్ క్యాన్సర్, ఇంకా కొన్ని గడ్డలున్న రోగులకి ఇచ్చారు. 2016లో ట్రయల్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, కొందరిలో రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా రెచ్చిపోయి ప్రాణాల మీదికి వచ్చింది. ఆర్‌ఎన్‌ఏని రక్తంలోకి ఎక్కిస్తే శరీరం వైరస్ వచ్చిందనుకుని తిరగబడుతుంది, పైగా ఎక్కించినదాంట్లో ఎక్కువ భాగం లివర్‌కే పోతుంది. 2018లో ఆమోదం పొందిన మొదటి ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు నోరు నొక్కడానికి తయారుచేసిన పొట్టి ఆర్‌ఎన్‌ఏ) మందు పటిసిరాన్ పనిచేసేది కూడా లివర్‌లోనే. గర్భాశయ ముఖద్వారానికి మాత్రం ఒక వసతి ఉంది, పైపూతగా, జెల్‌గా నేరుగా అక్కడికే అందించొచ్చు. పీహెచ్‌డీ చేస్తానంటే నీకు మంచి దారి అది.

తెనాలి_టీచర్
అందరూ పెద్ద పెద్ద విషయాలు చెబుతున్నారు, నాది చిన్న సందేహం. మా స్కూల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లల తల్లులు హెచ్‌పీవీ టీకా గురించి అడుగుతున్నారు. ఖమ్మంలో అప్పట్లో టీకా వేసి పిల్లలు చనిపోయారని ఒక తల్లి గట్టిగా వాదిస్తోంది. ఏం చెప్పాలి?

గైనిక్_బందరురోడ్డు
టీచర్ గారూ, ఆ తల్లి భయాన్ని కొట్టిపారేయకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. 2009లో ఖమ్మం జిల్లాలో, అప్పుడు అది మన రాష్ట్రమే, గిరిజన బాలికలకి ఒక అధ్యయనంలో భాగంగా టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాల్సిన తీరులో తీసుకోలేదని, హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని తేలింది. పార్లమెంటరీ కమిటీ కూడా తప్పుబట్టింది. ఆ తప్పు నిజం, ఆ కోపం న్యాయమైనది. టీకా వేరు, ఆ పని చేసిన పద్ధతి వేరు.

దేశంలో అప్పుడే జరుగుతున్న ఇంకో ట్రయల్ కూడా 2010లో ఆగిపోవడంతో చాలామంది ఆడపిల్లలకి ఒక్క డోసే అందింది. వాళ్ళని పదేళ్ళు గమనిస్తే ఆ ఒక్క డోసుకే 16, 18 రకాల నుంచి మంచి రక్షణ ఉందని తేలింది. 2022లో ఒక్క డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారాల్లో అదొకటి. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సర్వావాక్‌కి కూడా 2022లోనే అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది.

పిపెట్ గారి భాషలో చెప్పాలంటే వైరస్సే లోపలికి రాకపోతే ఇ6 లేదు, ఇ7 లేదు, మిర్-34ఎ పడిపోదు.

పటమట_అమ్మాయి
అందరికీ చాలా చాలా థ్యాంక్సండీ. ఈ పోస్టులన్నీ బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. పారాఫిన్ గారు చెప్పిన ప్రశ్నలే ఆ టెస్టు అతన్ని అడిగాం, హీమోలైసిస్ అనగానే ‘మేడమ్, అది మా టెక్నికల్ టీమ్ చూసుకుంటుంది’ అని ఫోన్ పెట్టేశాడు, మళ్ళీ చెయ్యలేదు. గాజులు బీరువాలోనే ఉన్నాయి. రేడియేషన్ అయ్యేదాకా పిన్నిని గుంటూరులో మా మేనత్త ఇంట్లో ఉంచుతున్నాం, రోజూ అటూ ఇటూ తిరగడం తప్పింది. లోపల పెట్టే రేడియేషన్ అంటే పిన్ని బాగా భయపడుతోంది, మత్తు ఇస్తారా డాక్టర్ గారూ?

గైనిక్_బందరురోడ్డు
చాలాచోట్ల వెన్నుకి మత్తు ఇచ్చో, నరంలోకి మత్తు మందు ఎక్కించో పెడతారు, అదే విధానం అక్కడ ఉందో లేదో రేడియేషన్ డాక్టర్‌ని ముందే అడగండి. నొప్పి భయం ఉందని పిన్నిగారే నోరు తెరిచి చెప్పాలి, మొహమాటపడితే ఎవరికీ తెలీదు. మీరు పక్కన ఉండి చెప్పించండి.

యార్డు_గుమస్తా
డాక్టర్ గారూ, మా ఇంటావిడకి 42. తెల్లబట్ట తప్ప ఏ ఇబ్బందీ లేదంటుంది, ఇంతవరకు ఏ పరీక్షా చేయించలేదు. ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఈ ఆర్‌ఎన్‌ఏలు కాదు, మామూలుది.

గైనిక్_బందరురోడ్డు
మీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలోనే 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకి ఉచితంగా చూడాలి, ఏఎన్ఎంని అడగండి. పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి తెల్లగా మారే మచ్చ ఉందేమో చూస్తారు, కొన్ని నిమిషాల పని. కొంచెం ఖర్చు పెట్టగలిగితే హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్టు ఇంకా మంచిది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్ష మందికి పైగా ఆడవాళ్ళతో చేసి 2009లో ప్రచురించిన ట్రయల్‌లో, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. డాక్టర్ ముందు పడుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు శాంపిల్ తామే తీసుకునే కిట్లు కూడా ఉన్నాయి.

నెలసరి రోజుల్లో వద్దు, అది అయ్యాక తీసుకురండి. తెల్లబట్ట వాసన వేస్తున్నా, కలయిక తర్వాత రక్తం కనబడుతున్నా స్క్రీనింగ్ అని ఆగకుండా నేరుగా గైనకాలజిస్ట్‌కి చూపించండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.

యార్డు_గుమస్తా
శుక్రవారం తీసుకెళ్తాను డాక్టర్ గారూ. మా వదినని కూడా రమ్మన్నాను.